ఆపడం రాని డ్రైవర్: మిర్యాలగూడలో ఒక కొత్త కుర్రాడి మొదటి నెలలు

కుర్రాడిది నల్గొండ జిల్లా హాలియా దగ్గర పల్లె. ఇరవై రెండేళ్లుంటాయి. మీసాలు రాకముందే ట్రాక్టర్ ఎక్కాడు. తర్వాత బొలెరో పికప్‌లో బత్తాయి లోడు వేసుకుని బాటసింగారం పండ్ల మార్కెట్‌కు తిరిగాడు. చదువు ఏడో తరగతిలోనే ఆగిపోయింది. 2019కి ముందైతే ఎనిమిదో తరగతి పాస్ కానివాళ్లకు ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ వచ్చేది కాదు. ఆ ఏడాది కేంద్రం ఆ నిబంధన ఎత్తేసింది కాబట్టి ఇతనికి హెవీ లైసెన్స్ చేతికొచ్చింది. ఎత్తేయడం మంచిదేనని నా అభిప్రాయం. చదువు లేదన్న కారణంతో లైసెన్స్ లేకుండా బండి తోలే వాళ్లు అంతకుముందు ఎంతమందో ఉండేవారు.

లైసెన్స్ తీసుకున్న కుర్రాళ్లకు లోడు బండి మీద పని నేర్పడం నా వృత్తి. ఓనర్లు పిలిస్తే పక్క సీట్లో కూర్చుని ట్రిప్పులకు వెళ్తాను. ఈ కుర్రాడి ఓనర్‌కు మిర్యాలగూడలో కొన్ని పది టైర్ల లారీలున్నాయి. వాడపల్లి వైపు నుంచి సిమెంట్, సీజన్‌లో వడ్లు, మిగతా రోజుల్లో బియ్యం తోలుతాయి. ఆయన నాకు ఫోన్ చేసి చెప్పింది ఇది: "అన్నా, పిలగాడు మంచోడే, తాగడు, లెక్క కరెక్టుగ చెప్తడు. కానీ స్పీడు ఎక్కువున్నట్టుంది. బ్రేక్ లైనర్లు ఊకె అరుగుతున్నయ్. వెనక లైట్లు పగులుతున్నయ్. ఒకసారి కూసొని చూడు."

కూర్చున్నాక తెలిసింది, స్పీడు అసలు సమస్యే కాదని. అరవై దాటించడానికే భయపడే మనిషి అతను. తోలడం వచ్చు, గేర్లు నున్నగా వేస్తాడు. రానిదల్లా ఆపడం. బ్రేకు దగ్గర, మిల్లు గేటు దగ్గర, నిద్ర దగ్గర, ఓనర్ మాట దగ్గర, అన్నిచోట్లా అదే కనిపించింది. కొత్త డ్రైవర్లలో ఎక్కువమందిలో నేను చూసేది ఇదే. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

వాడపల్లి నుంచి నార్కట్‌పల్లి దాకా

మొదటి ట్రిప్పు సిమెంట్. పది టైర్ల బండికి 2018 నుంచి మొత్తం బరువు 28.5 టన్నుల దాకా అనుమతి ఉంది, అంతకుముందు 25 టన్నులే. బండి సొంత బరువు తీసేస్తే పద్దెనిమిది టన్నుల పైచిలుకు వేసుకోవచ్చు, అంటే దాదాపు 360 బస్తాలు. లైసెన్స్ టెస్టు పెట్టేది ఖాళీ బండి మీద. ఖాళీ బండి తొమ్మిది, పది టన్నులుంటుంది. లోడుతో దాదాపు మూడింతలైన బండి ఎలా ఆగుతుందో ఆ టెస్టులో తెలిసే వీలు లేదు. మొదటి లోడు ఎత్తిన రోజే తెలియాలి.

దామరచర్ల దాటేసరికి అతని తప్పు పట్టుకున్నాను. కళ్లు ముందున్న బండి బంపర్ మీదే ఉన్నాయి. పికప్ తోలేటప్పటి అలవాటు. ముందు బండి బ్రేక్ లైటు వెలగ్గానే కాలు బ్రేకు మీదికి పోతుంది, గట్టిగా తొక్కుతుంది, వెంటనే వదిలేస్తుంది, మళ్లీ తొక్కుతుంది. వదిలినప్పుడల్లా కింద నుంచి "చుస్స్" మని గాలి పోతోంది. మిర్యాలగూడ బైపాస్ దగ్గర ఒక ఆటోను చూసి ఇలాగే వరసగా తొక్కుతుంటే, గాలి ఎంతుందో చూపే గేజి ముల్లు మీద వేలు పెట్టి చూపించాను. తొక్కి వదిలినప్పుడల్లా ముల్లు కొంచెం కొంచెం కిందికి జారుతోంది. అప్పటిదాకా అతను ఆ గేజి వైపు చూసిందే లేదు.

పక్కన ఆపించి విడమరచి చెప్పాను. పికప్‌లో బ్రేకు ఆయిల్ మీద పనిచేస్తుంది. ఇక్కడ గాలి మీద. కంప్రెసర్ ట్యాంకుల్లో నింపిన గాలే చక్రాల దగ్గరికి వెళ్లి లైనర్లను డ్రమ్ముకు ఒత్తుతుంది. వదిలిన ప్రతిసారీ ఆ గాలి బయటికి పోతుంది, కంప్రెసర్ మళ్లీ నింపాలి. నింపే దానికంటే ఖర్చు ఎక్కువైతే ముందు బజర్ మోగుతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే వెనక చక్రాల దగ్గరున్న స్ప్రింగులు తమంతట తాము బ్రేకు పట్టేస్తాయి, బండి రోడ్డు మధ్యలో నిలబడిపోతుంది. పైగా, తొక్కిన వెంటనే గాలి చక్రం దాకా చేరదు, క్షణకాలం ఆలస్యం ఉంటుంది. గంటకు అరవై కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. చూసి, అర్థం చేసుకుని, కాలు మార్చేసరికే ఒకటిన్నర సెకను. అంటే బ్రేకు పట్టకముందే పాతిక మీటర్లు అయిపోయాయి.

"గందుకేనా అన్నా లైనర్లు అరిగేది?" అన్నాడు. అందుకే. ఓనర్ స్పీడు అనుకున్నది నిజానికి ఆలస్యంగా, పదే పదే తొక్కడం.

లెక్కపెట్టడం నేర్పించాను. ముందు బండి ఒక కరెంటు స్తంభం దాటగానే "నూటొకటి, నూట రెండు" అని మొదలుపెట్టి, నూట ఐదు అనేలోపు మనం ఆ స్తంభం దగ్గరికి చేరకూడదు. వానలో ఇంకో రెండు అంకెలు కలుపుకోవాలి. రెండో పని, చూపును ముందు బండి మీద నుంచి ఎత్తి దానికి అవతల నాలుగైదు బండ్ల దాకా పంపడం. వేములపల్లి దగ్గర దూరంగా గొర్ల మంద రోడ్డెక్కుతుంటే ముందే చూసి యాక్సిలరేటర్ వదిలాడు, గేరు దించాడు, ఇంజన్ పొగను అడ్డుకుని బండిని నెమ్మది చేసే ఎగ్జాస్ట్ బ్రేకు వాడాడు. మంద దగ్గరికి వచ్చేసరికి బండి నడక స్పీడులో ఉంది, ఫుట్ బ్రేకు ఒక్కసారే మెల్లగా వాడాడు. ముల్లు కదల్లేదు. దాన్ని చూసి అతని ముఖం వెలిగింది.

మాడ్గులపల్లి టోల్ దాటాక ఒక ఫిర్యాదు చేశాడు, న్యాయమైనదే: "గ్యాప్ ఇస్తే బైకోళ్లు, ఆటోలోళ్లు ముందట దూరుతున్నరన్నా." దూరతారు. దూరిన ప్రతిసారీ కాలు తీసి మళ్లీ గ్యాప్ చేసుకోవాలి. నార్కట్‌పల్లి చేరేసరికి దీనివల్ల పోయే టైమ్ మహా అయితే కొన్ని నిమిషాలు. ఆ నిమిషాల మీద గొడవపడే డ్రైవర్లను చాలామందిని చూశాను, వాళ్లలో ఒక్కరూ ముందుగా చేరడం చూడలేదు.

క్యాబిన్‌లో ఒక చిన్న సంగతి కూడా సరిచేశాం. అద్దం పైన పూలదండ, నిమ్మకాయ మిరపకాయలు, రంగు రంగుల జాలరు ఎడమ వైపు బాగా కిందికి వేలాడుతున్నాయి. అమ్మవారి ఫొటో అలాగే ఉంచి, దండ ఆ ఫొటోకే చిన్నగా వేయమన్నాను, జాలరు తీసేశాం. అద్దం లోపలి వైపు అగరుబత్తి పొగ, దుమ్ము కలిసి పొరలా పట్టింది. రాత్రి ఎదురు లైట్లు పడితే కళ్లు చెదురుతున్నాయని అతను చెప్పిన దాంట్లో సగం కారణం ఆ పొరే. తుడిచాక సగం బాధ పోయింది. మిగతా సగానికి కంటి పరీక్ష చేయించమన్నాను, చేయించాడు, చూపు బాగానే ఉంది.

మిల్లు గేటు

ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ టైమ్ పట్టింది ఇక్కడే. యాసంగి వడ్లు మొదలయ్యాక, వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల నుంచి మిల్లులకు తోలే పని వచ్చింది. మిల్లుల ముందు లారీలు బారులు తీరుతాయి. కాటా దగ్గర ఒక క్యూ, దించే చోట ఇంకో క్యూ. హమాలీలు పొద్దుటి నుంచి బస్తాలు మోసి అలసిపోయి ఉంటారు, వెనక లారీ వాళ్లు హారన్ కొడుతుంటారు, గుమాస్తా "జల్ది పెట్టు" అంటుంటాడు. ఆ సందడిలో రివర్స్ చేయాలి. వెనక లైట్లు పగిలింది ఇలాంటి చోట్లే.

లైటు పగలడం చిన్న విషయం. మిల్లు యార్డులో బండి వెనక ఏముంటుందో తెలిసినవాళ్లకు నిద్ర పట్టదు. రాలిన గింజలు ఊడ్చుకోవడానికి ఆడవాళ్లు చీపురు, చేట పట్టుకుని వంగి ఉంటారు. నిలబడిన లారీ నీడలో హమాలీ తల కింద గోనెసంచి పెట్టుకుని నడుం వాలుస్తాడు. అద్దాల్లో వీళ్లెవరూ కనిపించరు. పది టైర్ల బండికి సరిగ్గా వెనక ఉన్న చోటు డ్రైవర్‌కు అసలు కనిపించదు. ఊక బూడిద గాల్లో లేస్తుంటే పక్కలు కూడా మసకే.

కుర్రాడికి ఇదంతా తెలుసు. అయినా దిగి చూడడు. ఎందుకని అడిగితే చాలాసేపు చెప్పలేదు. చివరికి చెప్పాడు: "సీనియర్లు చూస్తుంటరన్నా. దిగితే 'వీడికి రివర్స్ రాదు' అని నవ్వుతరు." నవ్వేవాళ్లు ఉన్నమాట నిజం. సిగ్గు వల్ల జరిగే ప్రమాదాలు ఈ వృత్తిలో చాలా ఉన్నాయని నేను గట్టిగా నమ్ముతాను. అందుకని ఈ భాగాన్ని అతనితో కాకుండా క్యూలో ఉన్న పెద్ద డ్రైవర్లతో మొదలుపెట్టాను. ముప్ఫై ఏళ్లుగా తోలుతున్న ఒకాయన్ని పిలిచి, "కాకా, మీరు రివర్స్‌కు ముందు ఏం చేస్తారో పిలగానికి చూపించండి" అన్నాను. ఆయన హ్యాండ్ బ్రేకు వేసి దిగి, లుంగీ పైకి కట్టి, బండి చుట్టూ తిరిగి, వంగి టైర్ల కింద చూసి, వెనక గోడ దాకా నడిచి వచ్చాడు. ఎక్కుతూ, "నేను దిగకుంట పెట్టిన దినం లేదు బిడ్డా" అన్నాడు. ఆ ఒక్క మాట నా పాఠాలన్నిటికంటే ఎక్కువ పనిచేసింది.

తర్వాత క్లీనర్‌తో ఒప్పందం కుదిర్చాం. చాలా బండ్ల మీద ఇప్పుడు క్లీనర్ ఉండటం లేదు, ఈ బండి మీద ఉన్నాడు, అది అదృష్టం. క్లీనర్ డ్రైవర్ వైపు అద్దంలో పూర్తిగా కనిపించే చోట నిలబడాలి. "రానీ, రానీ" అంటున్న గొంతు వినిపిస్తున్నా, మనిషి అద్దంలో కనిపించకపోతే బండి ఆగాలి. బాడీ మీద ఒక దెబ్బ అంటే ఆపు, రెండు దెబ్బలంటే రా. ఫోన్ మాట్లాడుతూ సైగ చేయకూడదు. క్లీనర్ లేని చోట హమాలీ మేస్త్రీని అడగాలి, టీ డబ్బులిచ్చినా సరే. ఎవరూ దొరక్కపోతే దొరికేదాకా బండి కదలదు.

గేటులోకి తిరిగేటప్పుడు ఇంకో సమస్య. పొడవాటి బండి తిరిగినప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. పికప్ అలవాటుతో తొందరగా తిప్పితే వెనక టైరు గేటు స్తంభానికి తగులుతుంది. స్తంభం ఉన్న చోట బైకు మనిషి ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఒక ఖాళీ మిల్లు యార్డులో సున్నంతో గీత గీసి, నీళ్లతో తడిపిన టైర్లతో బండి తిప్పించాను. దిగి, నేల మీద ముందు టైరు తడి ముద్ర ఎక్కడుంది, వెనకది ఎక్కడుంది అని అడుగులతో కొలిపించాను. రెండు ముద్రల మధ్య ఒక మనిషి పడుకునేంత చోటుంది. అతను ఆ మధ్యలో నిలబడి అటూ ఇటూ చూశాడు. అప్పటి నుంచి ఎడమ మలుపుకు ముందు అద్దం రెండుసార్లు చూస్తున్నాడు.

రాత్రి రోడ్డు

ఈ సీజన్‌లోనే ఇంకో ప్రమాదం రోడ్డు మీదే పరుచుకుని ఉంటుంది. కల్లాల్లో చోటు చాలక రైతులు తారు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రికి నల్ల పట్టాలు కప్పుతారు. చీకట్లో నల్ల రోడ్డు మీద నల్ల కుప్ప. వెనక లైటు లేని వరిగడ్డి ట్రాక్టర్ కూడా అంతే. రైతును తిట్టి లాభం లేదు, ఆరబెట్టడానికి ఆయనకు వేరే చోటు లేదు. డ్రైవర్ చేయగలిగింది ఒక్కటే: డిమ్ లైటు ఎంత దూరం పడుతుందో, ఆ దూరంలో ఆగగలిగే స్పీడులోనే పోవడం. పల్లె రోడ్ల మీద అది నలభై లోపే వస్తుంది. కుర్రాడు దీన్ని తొందరగా పట్టుకున్నాడు. రైతు బిడ్డ కాబట్టి కుప్ప ఎక్కడుంటుందో ముందే ఊహించగలడు.

నిద్ర విషయం మాత్రం అంత తేలిగ్గా తెగలేదు.

ఒక రాత్రి నార్కట్‌పల్లి నుంచి ఖాళీగా తిరిగి వస్తున్నాం. మూడు దాటింది. స్టీరింగ్ కొంచెం ఎడమకు జారడం, ఉలిక్కిపడి సరిచేయడం, మళ్లీ జారడం. కళ్లు తెరిచే ఉన్నాయి. "తమ్మీ, తిప్పర్తి దాటినమా?" అని అడిగాను. చెప్పలేకపోయాడు. తిప్పర్తి దాటి చాలాసేపయింది. పెట్రోల్ బంకులోకి తిప్పించి పడుకోబెట్టాను. ఖైనీ, టీ, ముఖం మీద నీళ్లు, ఇవన్నీ నిద్రను కాసేపు వెనక్కి నెడతాయి, అంతే. అర్ధరాత్రి దాటాక ఇరవై నిమిషాల నిద్రకు సమానమైంది నేను చూడలేదు. ఆపేది బంకులోనో, ధాబా ఆవరణలోనో అయి ఉండాలి. హైవే అంచున లైట్లు ఆర్పి పెట్టిన లారీని వెనక నుంచి గుద్దిన ప్రమాదాలు ఈ జిల్లాలో అందరికీ తెలుసు. బండి చెడిపోయి నిలబడాల్సి వస్తే ఇండికేటర్లు రెండూ వేసి, రిఫ్లెక్టర్ ట్రయాంగిల్ దూరంగా పెట్టాలి. ట్రయాంగిల్ లేక రాళ్లు పెట్టేవాళ్లు, బండి బాగయ్యాక వాటిని తీయకుండా పోతారు. కుర్రాడి చేత అలాంటి రాళ్లు ఒకసారి తీయించాను, అవి మన బండివి కాకపోయినా.

నిద్ర ఆపుకోవడం వెనక బత్తా ఉంది. ట్రిప్పుకు ఇంత అని లెక్క, కాబట్టి ట్రిప్పు పెరిగితే డబ్బు పెరుగుతుంది. చెల్లెలి పెళ్లి అప్పు ఉంది ఇంట్లో. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం 1961 నాటిది, 2025లో దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది. ఆ పాత చట్టం లెక్క: రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటల పని, ఐదు గంటలు పనిచేస్తే కనీసం అరగంట విశ్రాంతి. చిన్న ఓనర్ల దగ్గర ఇది కాగితం మీదే ఉండేది. నేను ఓనర్‌తో కూర్చుని మాట్లాడాను. బత్తా తగ్గించకుండా రాత్రి ట్రిప్పు తర్వాత పగటి ట్రిప్పు వేయొద్దన్నాను. "ఎక్కడున్నవ్, ఎంతసేపైతది" అని నడుస్తున్న బండికి ఫోన్ చేయొద్దన్నాను. మొదటిది ఒప్పుకోవడానికి ఆయనకు రోజులు పట్టింది. లైనర్లు, లైట్ల ఖర్చు బిల్లులు ముందు పెట్టాక ఒప్పుకున్నాడు. రెండోది వెంటనే ఒప్పుకున్నాడు కానీ ఇప్పటికీ అప్పుడప్పుడు చేస్తూనే ఉన్నాడు. అమ్మ ఫోన్ వస్తే కుర్రాడు ఆగలేడు, అందుకని ఫోన్ క్లీనర్ జేబులో ఉంటుంది, క్లీనరే ఎత్తి "తోలుతుండు అమ్మా, ఆపినంక చేస్తడు" అంటాడు.

సున్నిపెంట ఘాట్

శ్రీశైలం దగ్గర సున్నిపెంటకు సిమెంట్ లోడు పడింది. దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అడవిలోకి బండ్లను వదలరు. కుర్రాడు విసుక్కున్నాడు. నేను సంతోషించాను, ఎందుకంటే ఘాట్‌ను పగటి వెలుగులో, నిద్రపోయి లేచిన కళ్లతో దిగుతాడు.

దోమలపెంట, ఈగలపెంట దాటాక డ్యామ్ కింది వంతెన దాకా మలుపుల దిగుడు. దిగుడు మొదలవకముందే బండి ఆపించి, గేరు అక్కడే దింపించాను. ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే. మధ్యలో దింపుదామంటే లోడు బండి గేరు పడనివ్వదు, న్యూట్రల్‌లో చిక్కుకుంటుంది. ఇక్కడ అతను ఒక సంగతి బయటపెట్టాడు. దిగుట్లో న్యూట్రల్ కొడితే డీజిల్ మిగులుతుందని ఎవరో చెప్పారట, మైదానంలో చేస్తున్నాడట. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ పంపడమే ఆపేస్తాయి, న్యూట్రల్‌లో ఐడిలింగ్‌కు తాగుతాయి. అంటే మిగిలేదేమీ లేదు. కొందరు ఏకంగా ఇంజనే ఆపేస్తారు. ఆపితే కంప్రెసర్ ఆగుతుంది, గాలి నిండదు, పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు పెరిగింది, పెరగాల్సిందే.

కింద వంతెన దగ్గర ఆపి దిగాం. డ్రమ్ముకు తగలకుండా చెయ్యి వెనక వైపు దగ్గరగా పెట్టి చూడమన్నాను. వేడి ఉంది, కాలిన వాసన లేదు. మా వెనకే దిగిన ఒక డీసీఎం (మధ్యరకం లారీ) చక్రాల దగ్గర నీలం పొగ, ఘాటు వాసన. కుర్రాడు తనంతట తానే వెళ్లి ఆ డ్రైవర్‌తో, "అన్నా, చల్లారేదాక ఆగు. నీళ్లు కొట్టకు, డ్రమ్ము పగుల్తది" అన్నాడు.

ఇప్పటి పరిస్థితి

లైనర్లు ఇప్పుడు మిగతా బండ్లతో సమానంగా వస్తున్నాయి. మిల్లుల్లో దిగి చూడటం అలవాటైంది. ఒక ఐకేపీ సెంటర్‌లో బస్తాలు ఎక్కువ వేయబోతే వద్దన్నాడు. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, ఆపైన టన్నుకు 2,000 ఫైన్. అదే లెక్క చెప్పి ఓనర్‌ను ఫోన్‌లో ఒప్పించాడు. ఆరు నెలల కిందటి మనిషి అయితే నోరు విప్పేవాడు కాదు.

సరికానివీ ఉన్నాయి. ఎడమ వైపుకు రివర్స్ ఇంకా తడబడుతూనే చేస్తాడు. తెల్లవారుజామున ఊరు దగ్గర పడ్డాక ఆగకుండా లాగించే ఆశ పోలేదు. ఇల్లు పది కిలోమీటర్లుందనగా ఆపమంటే ఎవరికైనా కష్టమే, కానీ క్లీనర్ చెప్పిన దాన్ని బట్టి రెండు రాత్రులు అలాగే లాగించాడు. దాని మీద ఓనర్ ముందే అతనితో మాట్లాడాను.

పన్నెండు టైర్ల బండి ఇమ్మని అడుగుతున్నాడిప్పుడు. బత్తా ఎక్కువ కాబట్టి ఆశ సహజం, ఓనర్ కూడా ఇద్దామనే చూస్తున్నాడు. వానాకాలం వడ్లు అయ్యేదాకా ఇవ్వొద్దని రాసిచ్చాను. ఇంకో సీజన్ మిల్లు క్యూల్లో, మంచు పట్టే రాత్రుల్లో ఇదే బండి మీద తిరగాలి. సంక్రాంతి తర్వాత మళ్లీ పక్కన కూర్చుంటాను, అప్పుడు తేలుస్తాం.